విమానం వయసు చూసి ఖర్చు చెప్పలేం

ఈమధ్య మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక పట్టిక పంపించాడు. ఏ విమాన కంపెనీ దగ్గరున్న విమానాల సగటు వయసు ఎంతో వరసగా వేసి, తక్కువున్నవాటికి పచ్చరంగు, ఎక్కువున్నవాటికి ఎర్రరంగు పూశారు. దాని కింద వాడి వాయిస్ మెసేజ్: "మామా, ఉగాదికి హైదరాబాదు వచ్చేటప్పుడు ఈ ఎర్రగా ఉండేవాటిలో మాత్రం టికెట్ తీసుకోవద్దు. పాత విమానాలకు రిపేర్లు ఎక్కువంట. ఆ ఖర్చు తట్టుకోలేక అరాకొరా చేసి పంపిస్తారంట."

వాడి టెన్షన్ నాకు అర్థమవుతుంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగినప్పటినుంచి విమానం ఎక్కేవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట నడుస్తోంది. కాకపోతే ఆ మెసేజ్‌లో రెండు మాటలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పాతదైతే ఖర్చెక్కువ అనేది ఒకటి, ఖర్చెక్కువైతే పని సరిగ్గా జరగదు అనేది ఇంకొకటి. మొదటిది సగం నిజం. రెండోది ఆ సగం నిజం మీద లేచిన అనుమానం.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ తిరుపతి శెట్టిపల్లిలోని రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో రైలు పెట్టెల మరమ్మతు ఖర్చుల లెక్కలే చూశాను. విమానాలు నా శాఖ కాదు. అయినా వాటి మెయింటెనెన్స్ గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను, ఎందుకంటే రెండు చోట్లా ప్రశ్న ఒకటే. వయసు చెబితే ఖర్చు చెప్పగలమా? చెప్పలేమనే నేను అంటాను. విమానం పాతబడేకొద్దీ దానిమీద పెట్టే ఖర్చు పెరగడం వాస్తవమే. కానీ ఆ పెరుగుదల మనం అనుకునే వయసులో జరగదు, మనం అనుకునేంత కాలం సాగదు. ఇక సగటు వయసు అనే అంకె అయితే అసలు సంగతిని చూపించేదానికన్నా దాచేదే ఎక్కువ.

నేల విప్పితే కనబడేది

శెట్టిపల్లి షాపులోకి వచ్చిన పెట్టెను ముందు క్రేన్లతో పైకెత్తి చక్రాల బోగీల నుంచి విడదీస్తారు. బెర్తులు, ప్యానెళ్ళు ఊడదీస్తారు. ఆ తర్వాత లెట్రిన్ల దగ్గర, తలుపుల దగ్గర నేల విప్పుతారు. చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో తయారైన పాత రకం పెట్టెల్లో అసలు కథంతా అక్కడే ఉండేది. ఏళ్ళ తరబడి నీళ్ళు కారి, తడి ఆరక, కింది ఇనుప ప్లేటు సుత్తితో తట్టగానే పొరలు పొరలుగా రాలిపడేది. ఒకే ఏడాది ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు పెట్టెలు పక్కపక్కన నిలబెడితే, ఒకదానికి రెండు చిన్న ముక్కలు అతికితే సరిపోయేది. రెండోదానికి అండర్‌ఫ్రేమ్‌లో పెద్ద భాగమే కోసి కొత్తది వెల్డింగ్ చేయాల్సి వచ్చేది. పుట్టిన సంవత్సరం ఒకటే, బిల్లులు మాత్రం వేరు. ఏ లైన్లో తిరిగింది, సముద్రం గాలి ఎంత తగిలింది, కిందటిసారి పని చేసినవాళ్ళు రంగు వేసేముందు తుప్పంతా గీకారా లేదా, ఇవీ ఆ తేడాకు కారణాలు.

విమానంలోనూ తుప్పు ముందు పట్టేది ఇంచుమించు అలాంటి చోటే. టాయిలెట్ల కింద, టీలు భోజనాలు సర్దే గ్యాలీ కింద ఉండే ఫ్లోర్ బీములు. నీళ్ళు, కాఫీ, జ్యూసు ఒలికి కిందికి దిగుతాయి. పైన తివాచీ శుభ్రంగా కనబడుతుంది. లోపల ఏముందో విప్పితేగానీ తెలియదు.

మా ఎదురింటివాళ్ళ అబ్బాయి విమానాల మెయింటెనెన్స్ కోర్సు ఏఎంఈ చదివి శంషాబాద్‌లో ఒక హ్యాంగర్‌లో పని చేస్తున్నాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే కబురు. అతను ఒకసారి చెప్పిన మాట నాకు చాలా విషయాలు విడదీసి చూపించింది. "అంకుల్, హెవీ చెక్‌కి వచ్చినప్పుడు మాకు ముందే ఇచ్చే టాస్క్ కార్డులు కొత్త విమానానికైనా పాతదానికైనా ఇంచుమించు అవే. తేడా అంతా ప్యానెల్ విప్పినాక మేము రాసే నాన్‌రొటీన్ కార్డుల్లో ఉంటాది. అవి ఎన్నవుతాయో విప్పేదాకా ఎవురూ చెప్పలేరు."

టాస్క్ కార్డు అంటే ముందే రాసిపెట్టిన పని; నాన్‌రొటీన్ కార్డు అంటే విప్పినాక బయటపడిన లోపానికి కొత్తగా రాసే పని. వయసు ప్రభావం ఉంటే అది ఉండేది ఈ నాన్‌రొటీన్ కార్డుల్లోనే. ముందే రాసిపెట్టిన తనిఖీ పని పెద్దగా మారదు; తనిఖీలో బయటపడే పని మాత్రం పాతదానికి పెరుగుతుంది. ఇంతవరకు మేనల్లుడి మాట నిజమే.

అయితే ఖర్చు ఏటా సమానంగా మెట్లెక్కినట్టు పెరగదు. ఎ చెక్ అనే చిన్న తనిఖీ కొన్ని వందల గంటలు ఎగిరాక ఒకసారి వస్తుంది, సి చెక్ అనే పెద్ద తనిఖీ సుమారు రెండేళ్ళకు ఒకసారి. ఎయిర్‌బస్ 320 రకం విమానాలకు 6 ఏళ్ళప్పుడు ఒకటి, 12 ఏళ్ళప్పుడు ఒకటి పెద్ద నిర్మాణ తనిఖీలు వస్తాయి. 12వ ఏట వచ్చేదైతే లోపలి భాగం దాదాపుగా ఖాళీ చేసి, వారాల తరబడి హ్యాంగర్‌లోనే ఉంచి చేసే పని. ఇప్పుడు 11 ఏళ్ళ విమానం ఒకటి, 13 ఏళ్ళ విమానం ఒకటి మీ ముందుంటే రాబోయే రెండేళ్ళలో దేనికి ఎక్కువ ఖర్చవుతుంది? చిన్నదానికే. పెద్దది ఆ బిల్లు కట్టేసి బయటికి వచ్చింది. వాట్సాప్ పట్టికలో మాత్రం 11కు పచ్చరంగు, 13కు ఎర్రరంగు.

ఇంకొక సంగతి. విమానం వయసును మనం సంవత్సరాల్లో లెక్కపెడతాం, విమానం మాత్రం ఎక్కి దిగిన సార్లలో లెక్కపెట్టుకుంటుంది. పైకెళ్ళిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడికి దాని ఒళ్ళంతా కొద్దిగా ఉబ్బుతుంది, దిగినప్పుడు సర్దుకుంటుంది. లోహానికి అలసట వచ్చేది దీనివల్ల. 320 ల్యాండింగ్ గేరును 10 ఏళ్ళకు గానీ 20,000 ల్యాండింగ్‌లకు గానీ, ఏది ముందొస్తే అప్పుడు, విప్పి ఓవర్‌హాల్ చేయాలి. ఇంజిన్ లోపల తిరిగే డిస్కులకైతే సంవత్సరాలతో సంబంధమే లేదు. పాత 320ల్లో ఉండే సీఎఫ్ఎం56 ఇంజిన్‌లో ఆ డిస్కుల ఆయుష్షు భాగాన్ని బట్టి 20,000 నుంచి 30,000 సార్ల దాకా ఉంటుంది. అమెరికాకు రోజుకు ఒకసారి ఎగిరే పెద్ద విమానం 15 ఏళ్ళలో చేరుకునే లెక్కను, గంటగంటన్నర దూరాలకు రోజంతా తిరిగే చిన్న విమానం మూడు నాలుగేళ్ళలోనే చేరుకుంటుంది.

రేణిగుంటలో ఒకసారి సెక్యూరిటీ దాటి కూర్చున్నప్పుడు నా వెనక కుర్చీల్లో ఒక పెద్దాయన, ఆయన భార్య. అద్దంలోంచి ఏటీఆర్ కనబడింది, రెక్కలకు ప్రొపెల్లర్లుండే చిన్న విమానం. "ఫ్యాన్లుండే విమానమా? ఇది పాత కాలందేమో" అని ఆమె, "ఎంత పాతదైనా గంటలో దిగిపోతాం, నువ్వు కూర్చో" అని ఆయన. వాళ్ళు చూస్తున్నది ఏటీఆర్ 72-600. ఆ రకం ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టిందే 2011లో. చూపుకు పాతగా ఉన్నది పాతది కాదు. అలాగని ఏడాదుల్లో చిన్నదైనంత మాత్రాన దాని లెక్క చిన్నదీ కాదు, ఎందుకంటే అది రోజుకు ఎన్నోసార్లు ఎక్కిదిగే రకం. కళ్ళు చెప్పే వయసు వేరు, కాగితం మీది వయసు వేరు, ఖర్చును నడిపించే వయసు వేరు.

పెరుగుదల ఎక్కడ ఆగుతుంది

ఈ విషయం మీద నేను చదివినవాటిలో అన్నిటికంటే ఆలోచింపజేసింది అమెరికాలోని ర్యాండ్ సంస్థ 2006లో వెలువరించిన అధ్యయనం. వాళ్ళ వైమానిక దళం విమానాలు ముసలివైపోతున్నాయి, ముందుముందు ఖర్చు ఎలా ఉంటుందో తేల్చుకోవడానికి అక్కడి ప్రయాణికుల విమాన కంపెనీల లెక్కలు తీశారు. మొదటి 6 ఏళ్ళలో మెయింటెనెన్స్ ఖర్చు ఏడాదికి 17.6 శాతం చొప్పున పెరుగుతోంది. 6 నుంచి 12 ఏళ్ళ మధ్య 3.5 శాతం. 12 దాటాక 0.7 శాతం, అంటే పెరుగుతోందని గట్టిగా చెప్పలేనంత తక్కువ.

మనం మామూలుగా ఊహించుకునే బొమ్మకు ఇది పూర్తిగా తిరగబడి ఉంది. మొదట్లో నెమ్మదిగా ఉండి ముసలితనంలో ఖర్చు ఎగబాకుతుందని అనుకుంటాం. ఇక్కడ ఎగబాకేది మొదట్లోనే. కారణం వెతుక్కోనక్కర్లేదు. కొత్త విమానానికి వారంటీ ఉంటుంది, పాడైన భాగాన్ని తయారీదారే మార్చి ఇస్తాడు. పెద్ద తనిఖీలు ఇంకా రాలేదు, ఇంజిన్ ఇంకా షాపుకు పోలేదు. అందుకే మొదటి ఏళ్ళ ఖర్చు ఉండాల్సినదానికంటే చాలా తక్కువగా కనబడుతుంది. వారంటీ అయిపోయి, తొలి పెద్ద చెక్, ఇంజిన్ తొలి షాపు పని ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి ఖర్చు దాని అసలు ఎత్తుకు చేరుకుంటుంది. అప్పటినుంచి ఆ విమానంలో కొన్ని భాగాలు పాతవి, కొన్ని నిన్న మార్చినవి. మొత్తం కలిపితే ఏటా ఇంచుమించు అంతే.

ఈ అంకెలు చూడగానే నా వాదన గెలిచిందని అనుకోలేదు, అనుకోకూడదు కూడా. దీంట్లో ఒక పెద్ద చిక్కుంది. బాగా ఖర్చు పెట్టించే పాత విమానాలను కంపెనీలు ముందే వదిలించుకుంటాయి. 12 ఏళ్ళు దాటి ఇంకా ఎగురుతున్నవి వాటిలో ఆరోగ్యంగా మిగిలినవి. వాటి ఖర్చే చూసి ముసలితనం ఖర్చు పెంచదంటే, తొంభై ఏళ్ళవాళ్ళంతా గట్టిగా ఉన్నారు కాబట్టి వయసుతో జబ్బులు రావని చెప్పినట్టే. పైగా ఆ లెక్కలు అమెరికావి, అప్పటి తరం విమానాలవి. మన ఎండ, మన దుమ్ము వేరు.

అందుకే దాన్నుంచి నేను తీసుకునేది చాలా తక్కువ, కానీ గట్టిది. 3 ఏళ్ళ సగటు వయసున్న కంపెనీ మెయింటెనెన్స్ ఖర్చు చూసి "వీళ్ళు బాగా పొదుపుగా నడుపుతున్నారు" అనకూడదు. ఆ ఖర్చు ఇంకా రాలేదు, అంతే.

సగటు దాచిపెట్టేది

సగటు 8 ఏళ్ళు అంటే అన్నీ 8 ఏళ్ళవే అయి ఉండొచ్చు. సగం 2 ఏళ్ళవి, సగం 14 ఏళ్ళవి కూడా అయి ఉండొచ్చు. ఈ రెండు కంపెనీల హ్యాంగర్ బిల్లులకు పొంతనే ఉండదు. రెండో కంపెనీ రెండు తరాల విడిభాగాలు, రెండు రకాల శిక్షణ, రెండు రకాల పనిముట్లు పెట్టుకోవాలి.

వేగంగా పెరిగే కంపెనీ సంగతి ఇంకా విచిత్రం. నెలకు కొన్ని కొత్త విమానాలు వచ్చి చేరుతుంటే సగటు వయసు అలా కిందనే ఉంటుంది. దాంట్లో మెయింటెనెన్స్ గొప్పతనం ఏమీ లేదు, అది ఆర్డర్ల పుస్తకం గొప్పతనం. కొత్తవి రావడం ఆగిందా, సగటు ఏడాదికి ఒక ఏడాది చొప్పున పెరుగుతూ పోతుంది. ఒకేసారి వచ్చిన విమానాలన్నీ ఒకేసారి పెద్ద చెక్కుకు వస్తాయి. వర్క్‌షాపు లెక్కలు చూసినవాడిగా నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఇదే. పని ఏడాది పొడవునా సర్దుకుని వస్తే ఎంతైనా చేయొచ్చు. ఒక్క గంపగా మీద పడితే మనుషులు చాలరు, లైన్లు చాలవు, సామాను చాలదు.

ఇండియాలో కొత్త విమానాల మీద నడిచే కంపెనీలు ఎంచుకున్న దారి అమ్మి అద్దెకు తీసుకోవడం. కొత్త విమానాన్ని లీజు కంపెనీకి అమ్మేసి, దాన్నే కొన్నేళ్ళు అద్దెకు నడిపి, పెద్ద తనిఖీ దగ్గరపడేసరికి తిరిగి ఇచ్చేస్తారు. ఈ పద్ధతిని ఇండిగో బాగా వాడుకుంది. తెలివైన పద్ధతే, తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే ఖర్చు మాయమైపోలేదు. ముందుముందు వచ్చే మరమ్మతుల కోసమని నెలనెలా లీజు కంపెనీకి కట్టే మెయింటెనెన్స్ రిజర్వులోకి, తిరిగి ఇచ్చేటప్పుడు విమానాన్ని ఒప్పందంలో రాసుకున్న స్థితికి తెచ్చే ఖర్చులోకి అది సర్దుకుంది. ఒకే పని ఒక కంపెనీ పుస్తకంలో మెయింటెనెన్స్ కింద పడుతుంది, ఇంకొకరి పుస్తకంలో అద్దె కింద పడుతుంది. రెండు కంపెనీల మెయింటెనెన్స్ ఖర్చును పక్కపక్కన పెట్టి, పక్కన వయసు రాసి, చూడండి అనేవాళ్ళు ముందు ఈ సంగతి చెప్పాలి.

దీనికి ఎదురుగా అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఉంది. పాత రకం విమానాలైన డీసీ-9లను 2014 జనవరి దాకా, ఎండీ-88, ఎండీ-90లను 2020 జూన్ దాకా నడిపింది. మిగతావాళ్ళు వదిలేసిన ఎండీ-90లను వెతికి మరీ కొన్నది. కొనుగోలు ధర తక్కువ. అట్లాంటాలో సొంత మరమ్మతు విభాగం ఉంది. మూలపడిన విమానాలనుంచి విడిభాగాలు తీసుకునే వెసులుబాటు ఉంది. 2010 తర్వాతి దశాబ్దంలో అమెరికాలో బాగా లాభాలు చూసిన కంపెనీల్లో అదొకటి. పాత విమానం ఖర్చెక్కువ అనే సూత్రం అంత గట్టిదైతే ఈ కథ ఇలా నడవకూడదు.

డెల్టా చేసింది మన దగ్గర చెల్లుతుందా అంటే కష్టమే. మన విమాన కంపెనీల ఖర్చులో ఇంధనమే అన్నిటికంటే పెద్దది, ఒక్కోసారి 40 శాతం దాకా పోతుంది. విమాన ఇంధనం (ఏటీఎఫ్) ఇంకా జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రాల వ్యాట్ ఉంది. మెయింటెనెన్స్ వాటా ప్రపంచవ్యాప్తంగా చూస్తే పదో వంతుకు అటూఇటూ. కాబట్టి ఇక్కడ కొత్త విమానమే లాభం. కానీ ఎందుకు లాభం? పాతవి మరమ్మతులకు ముంచేస్తాయని కాదు, కొత్తవి తక్కువ తాగుతాయని. ఈ రెండు కారణాలను కలిపేస్తే తర్వాత జరిగిందేమీ అర్థం కాదు.

కొత్త ఇంజిన్లు, పాత విమానాలు

ఎయిర్‌బస్ 320లోనే కొత్త తరం, 320 నియోలు వచ్చినప్పుడు వాటి కొత్త ఇంజిన్లు ఇంధనం 15 శాతం దాకా ఆదా చేస్తాయన్నారు, చేశాయి కూడా. ఆ ఆదా ఊరికే రాదు. ఇంజిన్ లోపల ఇంకా ఎక్కువ వేడి, ఇంకా ఎక్కువ ఒత్తిడి పెడితేనే వస్తుంది. అంత వేడిలో పని చేసే భాగాలు దుమ్ము, ఎండ ఉన్న దేశాల్లో ఇంకా తొందరగా అరుగుతాయి. విమానం మెయింటెనెన్స్ ఖర్చులో ఇంజిన్‌దే పెద్ద వాటా, 40 శాతం దాకా. ఇంధనంలో మిగిలిన రూపాయిలో కొంత ఇంజిన్ షాపులో ఖర్చవుతుందని ముందే తెలిసిన సంగతే. ఎంత ఖర్చవుతుందనేది మాత్రం ఎవరూ ఊహించలేదు.

2023 జులైలో, నియోల్లో చాలావాటికి ఉండే ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ జీటీఎఫ్ ఇంజిన్ల గురించి ఒక ప్రకటన వచ్చింది. 2015 చివరినుంచి 2021 దాకా తయారైన కొన్ని డిస్కులకు వాడిన లోహపు పొడిలో కల్తీ ఉందని, ఆ ఇంజిన్లను విప్పి చూడాలని. సెప్టెంబరుకు ఆ లెక్క అదనంగా 600 నుంచి 700 ఇంజిన్లయింది. ఒక్కో ఇంజిన్ విమానం నుంచి దించి మళ్ళీ ఎక్కించేదాకా 250 నుంచి 300 రోజులు పడుతుందన్నారు. ఇండిగోలో ఒక దశలో 70కి పైగా విమానాలు నేలమీద నిలబడిపోయాయి. అవన్నీ ఆకుపచ్చ రంగు వయసువే.

దీనికి ముందే, 2023 మే 2న, గో ఫస్ట్ దివాలా ప్రక్రియకు వెళ్ళింది. దాని విమానాల్లో సగం దాకా ఇంజిన్లు లేక ఎగరలేని స్థితిలో ఉన్నాయని చెప్పింది, తప్పంతా ప్రాట్ అండ్ విట్నీదే అంది. ప్రాట్ ఆ మాట ఒప్పుకోలేదు. ఎవరిది ఎంత తప్పన్నది నేను తేల్చేది కాదు. అయితే ఆ కంపెనీ విమానాల్లో అత్యధికం నియోలే. వయసు పట్టిక వేసినవాళ్ళు 2023 ఏప్రిల్‌లో వేసి ఉంటే దానికీ పచ్చరంగే పడేది.

ఇక్కడినుంచి జరిగిన దాన్ని జాగ్రత్తగా చూడాలి. కొత్తవి నిలబడిపోయేసరికి ఇండిగో పాత 320ల లీజులు పొడిగించింది, వేరే దేశాల్లో నడిచిన పాతవాటిని అద్దెకు తెచ్చింది. దాంతో వయసూ పెరిగింది, ఖర్చూ పెరిగింది. ఈ రెండు గీతలను ఒకే కాగితం మీద గీసి చూస్తే వయసు పెరిగినందువల్ల ఖర్చు పెరిగినట్టు కనబడుతుంది. నిజానికి కొత్త ఇంజిన్లలో వచ్చిన దెబ్బ వల్ల ఖర్చు పెరిగింది, ఆ దెబ్బ తట్టుకోవడానికే పాత విమానాలు వచ్చాయి. వయసు కారణం కాదు, పర్యవసానం. ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

మన ప్రాణాల సంగతి

ఇంతవరకు చెప్పినదంతా కంపెనీల డబ్బు గురించి. మేనల్లుడు అడిగింది నా ప్రాణం గురించి.

పాత విమానం అనగానే అందరూ చెప్పేది అలోహా ఎయిర్‌లైన్స్ 243. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో, ఆకాశంలో ఉండగానే బోయింగ్ 737 పైకప్పులో పెద్ద భాగం ఊడిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ గాల్లోకి కొట్టుకుపోయి చనిపోయింది. ఆ విమానం వయసు 19 ఏళ్ళు. కానీ దర్యాప్తు చూపించిన అసలు అంకె 89,680, అంటే అది ఎక్కి దిగిన సార్లు. ఎగిరిన గంటలు 35,496. అంటే సగటున అరగంట కూడా ఎగరకుండా దిగుతూ, ఉప్పుగాలిలో దీవి నుంచి దీవికి తిరిగింది. అతుకుల దగ్గర జిగురు విడిపోయి, రివెట్ల దగ్గర సన్నపగుళ్ళు పుట్టి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఆ పగుళ్ళను కంపెనీ తనిఖీలు పట్టుకోలేకపోయాయి. ముసలి విమానాల తనిఖీ నియమాలు కఠినమైంది ఆ తర్వాతే. అంటే ఆ ప్రమాదం తర్వాత పాత విమానం మీద ఖర్చు పెరగడానికి ఒక కారణం, దాన్ని ఇంకా ఎక్కువగా చూడమని చట్టమే చెప్పడం. ఖర్చెక్కువ కాబట్టి అరాకొరా చేస్తారన్న అనుమానానికి ఇది నేరుగా ఎదురు.

2002 మే 25న కూలిన చైనా ఎయిర్‌లైన్స్ 611 ఇంకా బాధ పెట్టే ఉదంతం. 22 ఏళ్ళ 747, 225 మంది పోయారు. 1980లో, విమానం కొత్తగా ఉన్నప్పుడే, దిగేటప్పుడు తోక నేలకు రాసుకుంది. ఆ దెబ్బకు చేసిన మరమ్మతు తయారీదారు చెప్పిన పద్ధతిలో జరగలేదు. గీతలు పడిన రేకు అలాగే ఉండగా పైన ఇంకో రేకు బిగించారు. ఆ పైరేకు కింద పగులు ఇరవై ఏళ్ళకు పైగా పెరిగింది. ముసలితనం ఆ పగులుకు టైమిచ్చింది, పుట్టించింది మాత్రం పని చేసిన చేయి. శెట్టిపల్లిలో తుప్పు గీకకుండా రంగు వేసిన పెట్టె తిరిగి షాపుకు వచ్చినప్పుడు మా ఫోర్‌మన్‌కు వచ్చే కోపం నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన వయసు అడిగేవాడు కాదు. కిందటిసారి ఎవరు చేశారో రికార్డు తీయమనేవాడు.

ఇక కొత్తవాటి మాట. 2018 అక్టోబరులో కూలిన లయన్ ఎయిర్ 737 మ్యాక్స్ చేతికొచ్చి మూడు నెలలు కూడా కాలేదు. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో పక్కనున్న డోర్ ప్లగ్, అంటే వాడని తలుపు చోటును మూసే పలక, గాల్లోనే ఊడిపోయింది. ఫ్యాక్టరీలోనే నాలుగు బోల్టులు బిగించకుండా వదిలేశారు. ఆ విమానం కంపెనీకి అందింది అంతకు ముందు అక్టోబరు చివర్లో. వీటిని చెప్పి కొత్తవి ప్రమాదమని నేను అనడం లేదు. వయసు అంకె ఒక్కటీ ఎటువైపూ సాక్ష్యం చెప్పదని అంటున్నాను.

రేణిగుంటలో ఆగిపోయిన సాయంత్రం

నా వాదనకు గట్టిగా అడ్డుపడే అనుభవం ఒకటుంది, దాన్ని పక్కన పెట్టి పోలేను. మా అక్కను హైదరాబాదు విమానం ఎక్కించడానికి ఒక సాయంత్రం రేణిగుంట పోయాం. లోపలికి పోయిన గంటకు ఆమె ఫోన్: టెక్నికల్ స్నాగ్ అంట, దించేశారంట. ఒక భాగం మార్చాలి, అది ఇక్కడ లేదు, హైదరాబాదు నుంచి తర్వాత వచ్చే విమానంలో తెప్పించాలి. చంకలో లడ్డూ సంచులతో, గుండు చేయించుకున్న పిల్లలతో వాళ్ళంతా బయటికి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. ఒకాయనకు పొద్దున ఆరుగంటల డ్యూటీ. ఇంకొకామె కూతురికి మర్నాడు పరీక్ష. కొందరికి డబ్బు వెనక్కిచ్చారు, కొందరిని రాత్రి హోటల్లో పెట్టారు. ఆ విమానమే హైదరాబాదు పోయి మళ్ళీ మనుషులను తీసుకురావాలి. అక్కడ తెల్లారి 300 రూపాయల దర్శనం టికెట్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎందరో.

పెద్ద ఊళ్ళో హ్యాంగరుంటుంది, స్టోరుంటుంది, ఇంకో విమానముంటుంది. మనలాంటి ఊళ్ళో చిన్న భాగం పోయినా రోజు పోతుంది. ఆ రాత్రి ఖర్చంతా, హోటలు, రీఫండు, రద్దైన తర్వాతి ట్రిప్పు, ఇవేవీ లెక్కల పుస్తకంలో మెయింటెనెన్స్ అనే గడిలో పడవు. పాత విమానాలకు ఇలాంటి ఆగిపోవడాలు ఎక్కువైతే, వయసు ఖర్చును పెంచుతూనే ఉంటుంది, మనం చూసే చోట మాత్రం కనబడదు. ర్యాండ్ లెక్కలోని ఆ 0.7 శాతం మీద నాకున్న అసలు సందేహం ఇదే. ఈ సందేహాన్ని నేను తీర్చుకోలేకపోయాను. విమానాన్ని ఎంత తరచుగా ఆపాల్సి వస్తోందన్నది కంపెనీలు విమానంవారీగా బయటపెడితేనే ఇది తేలుతుంది.

అందుకే మేనల్లుడికి ఒకటే చెప్పాను. "నాయనా, వయసు పట్టిక పక్కన పెట్టు. విమానాల మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా రద్దుల లెక్క ఇస్తుంది. కంపెనీవారీగా ఎన్ని రద్దయినాయి, అందరివీ కలిపి టెక్నికల్ కారణాలకు ఎంత శాతమో ఉంటుంది. ఒక ఏడాది వరసగా చూడు, అప్పుడు చెప్పు ఏది ఎక్కొద్దో." అది కూడా పూర్తి బొమ్మ కాదు, కానీ జరిగినదాని లెక్క. సగటు వయసు జరగబోయేదాని గురించి చెప్పే జాతకం లాంటిది.

ప్రభుత్వం వైపునుంచి చూస్తే, పాతవాటిని తరిమేస్తే ఖర్చు తగ్గుతుందన్న ఆలోచనకంటే షాపులు దగ్గరికి తేవాలన్న ఆలోచన నాకు సరైనదిగా తోస్తోంది. మరమ్మతు పనులమీద జీఎస్టీ 2020 ఏప్రిల్‌లో 18 నుంచి 5 శాతానికి తగ్గింది. విడిభాగాల దిగుమతి మీద 2024 జులై 15 నుంచి ఒకే 5 శాతం ఐజీఎస్టీ (దిగుమతులమీద పడే జీఎస్టీ). ఇన్నాళ్ళూ మన ఇంజిన్లలో చాలావరకు విదేశీ షాపుల్లో వరసలో నిలబడ్డాయి. 2025 నవంబరులో శంషాబాద్‌లో ఫ్రెంచి కంపెనీ సాఫ్రాన్, నియోల్లో వాడే రెండో రకం ఇంజిన్లయిన లీప్‌ల షాపు తెరిచింది, పూర్తిగా నడిచేసరికి ఏడాదికి 300 ఇంజిన్ల దాకా చేస్తామంటోంది. అది జీటీఎఫ్‌లకు పనికిరాదు, లీప్‌లకే. మా ఎదురింటి అబ్బాయి మాత్రం లెక్కలు వేసుకుంటున్నాడు. హ్యాంగర్ పని వేరు, ఇంజిన్ షాపు పని వేరు, చేయి తిరగడానికి ఏళ్ళు పడుతుందంటాడు. అలాంటి చేతులు ఎన్ని తయారవుతాయి, ఎంత తొందరగా తయారవుతాయి అన్నదాన్ని బట్టే రాబోయే పదేళ్ళలో మన విమానాల మెయింటెనెన్స్ బిల్లు ఉంటుంది, అవి రెండేళ్ళవైనా పన్నెండేళ్ళవైనా.